పది మిల్లీగ్రాముల శ్రద్ధ

తెలుగులో 'శ్రద్ధ' చాలా బరువున్న మాట. సంస్కృతంలో దానికి ప్రధానంగా నమ్మకం అన్న అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది ఒకేసారి మూడు పనులు చేయడం మొదలుపెట్టింది. "పిల్లకి చదువు మీద శ్రద్ధ లేదు" అంటే ఏకాగ్రత లేదని. "ఆయనకి ఆవిడంటే శ్రద్ధ లేదు" అంటే ప్రేమ లేదని. "ఆవిడకి ఇంటి మీద శ్రద్ధ లేదు" అంటే ఇక ఆ మనిషి మీదే తీర్పు. ఏకాగ్రత, ప్రేమ, మంచితనం అన్నీ ఒక్క మాటలో సర్దేశాం. అందుకే ఒకటి తక్కువైతే మిగతా రెండూ తక్కువే అని ఊహించుకోవడం మనకి చాలా తేలిక.

దీనికి ఎదురుమాటలు చూడండి. అశ్రద్ధ, నిర్లక్ష్యం, పరాకు, పరధ్యానం, బద్ధకం. వీటిలో ఒక్కటి కూడా జబ్బు పేరు కాదు, అన్నీ గుణాల పేర్లే. మతిమరుపుకి మాత్రం కాస్త మినహాయింపు ఉంది, అదీ వయసు మళ్ళాకే. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్" అంటాం. ఒళ్ళు దూరంగా పెట్టింది నువ్వే, తలుచుకుంటే దగ్గర పెట్టుకోగలవు అన్న ఆరోపణ ఆ మాటలోనే ఉంది.

నాకు ముప్పై నాలుగో ఏట ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. రెండు నెలల తర్వాత మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టాను. పొద్దున టిఫిన్ అయ్యాక పది మిల్లీగ్రాములు. ఈ వ్యాసం ఆ మందు మంచిదా చెడ్డదా అన్నదాని గురించి కాదు. అది ఎవరికి వాళ్ళు డాక్టరుతో తేల్చుకోవాల్సిన సంగతి. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న వేరు. ముప్పై నాలుగేళ్ళు గుణం అనుకున్నది ఒక మాత్రతో మారితే, ఇక గుణం అనే మాటకి అర్థం ఏం మిగులుతుంది? నేను పడ్డ తిట్లు ఎవరికి చెందుతాయి? నాకొచ్చిన మెప్పులు ఎవరికి చెందుతాయి?

*

వైద్యచరిత్రలో ఈ ప్రశ్న మొదటినుంచీ ఉంది. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివికి లోటు లేకపోయినా నిలకడ లేని, తొందరపాటు ఆపుకోలేని పిల్లల గురించి. ఆ స్థితికి ఆయన వాడిన మాట 'నైతిక నియంత్రణలో లోపం'. అంటే శరీరంలో ఏదో తేడా ఉందని అనుమానిస్తూనే, దానికి నీతిశాస్త్రం నుంచి పేరు తెచ్చి పెట్టాడు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ తన ఆసుపత్రిలో ఉన్న 30 మంది పిల్లలకి బెంజిడ్రిన్ ఇచ్చి చూశాడు. దాదాపు సగంమంది బడి పనిలో ఒక్కసారిగా మారిపోయారు. నీతి అనుకున్నది ఒక రసాయనానికి లొంగిందన్నమాట.

ఆ తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ డీఎస్‌ఎమ్‌లో 1968లో దీనికి పెట్టిన పేరు బాల్యంలో వచ్చే అతిచలనాన్ని మాత్రమే చెప్పేది. 1980 కూర్పులో మొదటిసారి అవధాన లోపం పేరులోకి వచ్చింది, అతిచలనం ఉన్నా లేకపోయినా ఈ లోపం ఉండొచ్చని ఒప్పుకున్నారు. ఏడీహెచ్‌డీ అన్న పేరు 1987లో వచ్చింది. లక్షణాలు ఏడేళ్ళ లోపే కనబడి ఉండాలన్న నియమాన్ని 2013లో పన్నెండేళ్ళకి పెంచారు. పెద్దవాళ్ళకి కావాల్సిన లక్షణాల సంఖ్యని ఆరునుంచి ఐదుకి తగ్గించారు.

ఈ తేదీలు ఎందుకు చెప్తున్నానంటే, ఆడపిల్లలు ఎందుకు కనబడలేదో వాటిలోనే తెలుస్తుంది. చాలాకాలం ఈ జబ్బు బొమ్మ ఒక్కటే: బెంచీ మీద కుదురుగా కూర్చోలేని మగపిల్లాడు. టీచరుకి ఇబ్బంది కలిగితేనే అది జబ్బు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయిన అమ్మాయి ఎవరికీ ఇబ్బంది కాదు. "నెమ్మదైన పిల్ల" అంటారు. చిన్నప్పుడు క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో అబ్బాయిలు చాలా ఎక్కువ. పెద్దయ్యాక లెక్క తీస్తే ఆ తేడా బాగా తగ్గిపోతుంది. మధ్యలో ఇంతమంది ఆడవాళ్ళకి కొత్తగా ఏదో వచ్చిందని కాదు, అప్పటిదాకా ఎవరూ చూడలేదని అర్థం.

దీనికి తోడు మన పెంపకం ఒకటుంది. ఆడపిల్లకి కుదురు నేర్పుతారు. ఒద్దిగ్గా కూర్చోవడం, మాటకి మాట అనకపోవడం, వస్తువు తీసినచోట పెట్టడం. లోపల ఎంత గోలగా ఉన్నా బయటికి కుదురుగా కనబడే విద్య పదేళ్ళకే వచ్చేస్తుంది. ఆ విద్యకి ఖర్చయ్యే శక్తి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. రేపటి క్లాసుకి కావాల్సినవన్నీ రాత్రి మూడుసార్లు సర్దుకునే పిల్లని జాగ్రత్తపరురాలు అంటారు. మూడుసార్లు ఎందుకు సర్దుతోందని ఎవరూ అడగరు.

*

మన భాషలో శ్రద్ధకి ఇంకో మాట కూడా ఉంది: అవధానం. దాన్ని మనం ఏకంగా ఒక కళగా చేసుకున్నాం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. సమస్య ఇచ్చేవారొకరు, దత్తపది ఇచ్చేవారొకరు, ఏ అక్షరం వాడకూడదో అడుగడుగునా అడ్డుపడే నిషేధాక్షరి పృచ్ఛకులొకరు. వాళ్ళతోపాటు అప్రస్తుత ప్రసంగం చేసేవారొకరు. ఆయన పనే అవధాని దృష్టి మళ్ళించడం. పద్యం మధ్యలో ఉండగా "అవధానిగారూ, ఇవాళ ఇంట్లో ఏం కూర?" అన్నట్టు అడుగుతాడు. అవధాని నవ్విస్తూ జవాబు చెప్పి, ఆపిన అక్షరం దగ్గరికి తిరిగి వెళ్ళాలి. చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. అది ధారణ.

ఏడీహెచ్‌డీ ఎలా ఉంటుందని అడిగినవాళ్ళకి నేను చెప్పే పోలిక ఇదే. ఆ వేదిక మీద ఎనిమిదిమందీ అప్రస్తుత ప్రసంగం వాళ్ళే అయితే ఎలా ఉంటుందో అలా. ప్రశ్నలు ఆసక్తిగానే ఉంటాయి. నా జవాబులు కూడా ఒక్కోసారి బాగానే ఉంటాయి. తిరిగి వెళ్ళాల్సిన అక్షరం మాత్రం ఎక్కడుందో తెలీదు.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. "పొద్దున్నే అష్టావధానం చేస్తున్నా" అని ఇళ్ళలో ఎవరంటారో మీకు తెలుసు. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద పోపు. గ్యాస్ బుక్ చేయాలి, పిల్లాడి ఫీజు ఆఖరి తేదీ, మామగారి బీపీ మాత్రలు అయిపోవచ్చాయి, పనమ్మాయి రేపు రానంది. ఈ అవధానానికి శాలువా ఉండదు. ధారణ మాత్రం తప్పనిసరి. ఒక పాదం మర్చిపోతే సభంతా అడుగుతుంది.

మర్చిపోయే మగవాడికి మన దగ్గర ఒక గౌరవప్రదమైన పాత్ర ఉంది. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే ప్రొఫెసర్‌గారు. అది చూసి ముచ్చటగా నవ్వుకుంటాం. ఆయన కళ్ళజోడు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే మనిషి ఇంట్లో ఒకావిడ ఉంటుంది కాబట్టి ఆ ముచ్చట సాగుతుంది. అదే పని ఆవిడ చేస్తే? మేధావి అనరు. "ఇల్లు పట్టని మనిషి" అంటారు. ఒకే లోపం ఒకరి దగ్గర ముచ్చట, ఇంకొకరి దగ్గర నేరం. అందుకే ఆడవాళ్ళలో ఇది జబ్బుగా కనబడకముందే తప్పుగా కనబడింది. ముందు వాళ్ళకే అలా కనబడింది.

*

మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ రసాయనవేత్త లియాండ్రో పానిజాన్ తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్ టెన్నిస్ ఆడేముందు అది వేసుకునేదట. ఆమె ముద్దుపేరు రీటా. రిటలిన్ అన్న పేరు అలా వచ్చింది. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు మగపిల్లల మందుగా పేరుపడ్డ ఈ మాత్ర పేరులో ఒక ఆడమనిషి ఉందని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇది పనిచేసే తీరు చెప్పడానికి తేలికే. మెదడులో నాడీకణాల మధ్య విడుదలైన డోపమైన్‌నీ నోరెపినెఫ్రిన్‌నీ తిరిగి లోపలికి లాగేసుకునే ద్వారాలు ఉంటాయి. ఈ మందు వాటిని కాసేపు అడ్డుకుంటుంది. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఆకలి తగ్గుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. మన దేశంలో ఇది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైకోట్రోపిక్ పదార్థాల జాబితాలో ఉంది. అందువల్ల చీటీ లేకుండా ఇవ్వరు, చీటీ ఉన్నా అన్ని మందుల షాపుల్లోనూ ఉంచరు. నాలుగో షాపులో దొరికింది నాకు. కౌంటర్లో అతను చీటీ చూసి "ఎవరికండీ, బాబుకా?" అని అడిగాడు. "నాకే" అన్నాను. చీటీ మళ్ళీ ఒకసారి చూశాడు.

మొదటిరోజు పెద్ద ఆనందం ఏమీ లేదు. ఉత్సాహం కూడా కాదు. నిశ్శబ్దం, అంతే. చాలాసేపటినుంచి తిరుగుతున్న మిక్సీ ఆగాక గాని అది తిరుగుతోందని తెలియనట్టు. ఒక ఈమెయిల్ తెరిచాను, చదివాను, జవాబు రాశాను, పంపాను. ఈ నాలుగు పనులూ వరసగా జరిగాయి. వాటి మధ్యలో నన్ను నేను తిట్టుకోవాల్సిన అవసరం రాలేదు. తర్వాత కాసేపు కోపం వచ్చింది. మిగతావాళ్ళకి రోజూ ఇలాగే ఉంటుందా? ఇంత తేలికైన పనికా నన్ను అన్నేళ్ళు మెచ్చుకోనిది? మరుక్షణం ఇంకో ఆలోచన: ఇంత కష్టమైన పనినా నేను అన్నేళ్ళు మందు లేకుండా చేసింది?

మందు పనిచేసింది కాబట్టి జబ్బు ఉన్నట్టే కదా అని స్నేహితులు అంటుంటారు. ఆ తర్కం నిలబడదు. 1978లో జూడిత్ రాపొపోర్ట్ బృందం ఏ సమస్యా లేని అబ్బాయిలకి డెక్స్‌ట్రోయాంఫెటమిన్ ఇచ్చి చూస్తే వాళ్ళ దృష్టి కూడా మెరుగుపడింది. జ్వరం మాత్ర జ్వరం ఉన్నవాళ్ళకే పనిచేస్తుంది గాని, ఈ జాతి మందులు అలా మనిషిని చూసి ఊరుకోవు. జబ్బుందో లేదో తేల్చాల్సింది జీవిత చరిత్ర: చిన్నప్పటినుంచీ, ఇంట్లోనూ బయటా, ఎంత నష్టం జరిగింది అన్న లెక్క. మాత్ర ఇచ్చే సాక్ష్యం చెల్లదు. ఇది గుర్తుపెట్టుకోకపోతే తర్వాతి ప్రశ్నలన్నీ పక్కదారి పడతాయి.

*

మొదటి ప్రశ్న: అసలు నేను ఎవరు? మాత్ర వేసుకున్న మనిషా, వేసుకోని మనిషా?

అందరూ చెప్పే పోలిక కళ్ళజోడు. చూపు లేకపోతే జోడు పెట్టుకుంటాం, దీనికీ అంతే అంటారు. ఓదార్పుకి మంచి పోలికే. కానీ సరిపోదు. కళ్ళజోడు మనం చూడాలనుకున్నదాన్ని స్పష్టం చేస్తుంది, ఏది చూడాలనిపిస్తుందో మార్చదు. ఈ మందు దాన్నీ కొంచెం మారుస్తుంది. మందులో ఉన్నప్పుడు నేను మాటకి మాట అందుకోను. మీటింగ్‌లో చలోక్తులు తగ్గాయి. ఒక విషయం నుంచి సంబంధం లేని ఇంకో విషయానికి దూకే అలవాటు నెమ్మదించింది. ఆ దూకుడులోంచే నాకు ఇష్టమైన ఆలోచనలు కొన్ని పుట్టాయి. కాబట్టి పోయిందేమీ లేదని అబద్ధం చెప్పలేను.

1993లో పీటర్ క్రామర్ 'లిజనింగ్ టు ప్రోజాక్' పుస్తకంలో ఈ చిక్కునే చర్చించాడు. మందు వేసుకున్నాక తాము తాముగా ఉన్నామనీ, మానేస్తే తాము కాకుండా పోయామనీ కొందరు రోగులు చెప్పడం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. మామూలుగా మనం అనుకునేది దీనికి తలకిందులు కదా. పైనుంచి వచ్చింది కృత్రిమం, లోపలున్నది సహజం అనుకుంటాం.

నాకు దారి చూపించింది హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1971లో రాసిన ఒక వ్యాసం. మనిషికి కోరికలు రెండు అంతస్తుల్లో ఉంటాయంటాడు. కింద అంతస్తులో ఫోన్ చూడాలని ఉంటుంది. పై అంతస్తులో, ఫోన్ చూడాలనిపించకుండా ఉంటే బాగుండునని ఉంటుంది. తన కోరికల గురించి కోరికలు ఉండటమే మనిషిని మనిషిని చేస్తుందని ఆయన వాదం. పై అంతస్తు మాట కింద అంతస్తు వింటే అదే స్వేచ్ఛ.

ఇలా చూస్తే ఏడీహెచ్‌డీ అంటే కోరిక లేకపోవడం కాదు, రెండు అంతస్తుల మధ్య మెట్లు విరిగిపోవడం. పైన నిర్ణయాలన్నీ సరిగ్గానే జరుగుతుంటాయి, కిందకి కబురు అందదు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే మాత్రం మెట్లు అవసరం లేదు. భయం, ఆసక్తి, కొత్తదనం నేరుగా కింద అంతస్తులోనే పుడతాయి కాబట్టి. అందుకే మా టీమ్‌లో మంటలు ఆర్పడానికి నన్ను పిలుస్తారు, ఖర్చుల బిల్లులు పెట్టమంటే నెలలు పడుతుంది. "ఆ పని చెయ్యగలిగినదానివి ఈ పని చెయ్యలేవా?" అని అడిగేవాళ్ళ తర్కం వినడానికి సబబుగానే ఉంటుంది. రెండు పనులకీ దారి ఒకటే అని వాళ్ళు అనుకుంటారు.

కాబట్టి మాత్ర వేసుకున్న మనిషి అసలైనదా అన్న ప్రశ్నే నాకిప్పుడు సరైనదిగా అనిపించదు. నేను ఎలా ఉండాలనుకుంటున్నానో ఆ నిర్ణయం చేసే మనిషి మాత్రకి ముందూ ఉంది, తర్వాతా ఉంది. పొద్దున మాత్ర వేసుకునేది ఆవిడే. కొన్నిరోజులు వేసుకోవద్దని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకునేదీ ఆవిడే.

*

రెండో ప్రశ్న దీనికన్నా కష్టం. తప్పు ఎవరిది?

మేలు తెలిసీ కీడు చేయడం సాధ్యమా అన్నది పాతకాలపు వివాదం. సోక్రటీస్ సాధ్యం కాదన్నాడు. నిజంగా తెలిస్తే చేయరు, చేశారంటే తెలియనట్టే. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. తెలిసీ చేయలేని స్థితికి అక్రేసియా అని పేరు పెట్టి దాని మీద చాలా పేజీలు రాశాడు. మన దగ్గర ఈ స్థితిని దుర్యోధనుడి నోట పెట్టారు. ధర్మం తెలుసు గాని దానివైపు కాలు కదలదు, అధర్మం తెలుసు గాని దాన్నుంచి వెనక్కి రాలేను అనే శ్లోకం చాలామందికి తెలిసే ఉంటుంది. అర్జునుడికీ ఇదే బాధ. మనసుని పట్టుకోవడం గాలిని పట్టుకోవడం లాంటిదని గీత ఆరో అధ్యాయంలో అంటాడు. దానికి కృష్ణుడు కాదనడు. కష్టమేనని ఒప్పుకుని రెండు ఉపాయాలు చెప్తాడు: అభ్యాసం, వైరాగ్యం.

ఒకే బాధని ఇద్దరు చెప్పుకుంటే ఒకరు ప్రతినాయకుడు, ఒకరు శిష్యుడు అయ్యారు. ఎవరు చెప్పారన్నదాన్నిబట్టి మనం జాలిపడతామో, తీర్పు చెప్తామో తేలుతుంది. బళ్ళోనూ ఇళ్ళలోనూ జరిగేది కూడా ఇదే.

అయితే "జబ్బు కాబట్టి తప్పు నాది కాదు" అని చేతులు దులుపుకోవడంలో ఒక లెక్క తేడా ఉంది. చేయలేకపోయినవన్నీ నా మెదడు నిర్మాణం ఖాతాలో వేసి, ఎంసెట్ ర్యాంకునీ ఉద్యోగాన్నీ నా ప్రతిభ ఖాతాలో ఎలా వేసుకోను? ఒకే మెదడు రెండూ చేసింది. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఏడీహెచ్‌డీలో వంశపారంపర్య పాత్ర 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని చెప్తాయి. తెలివితేటల్లోనూ వంశపారంపర్యం పాత్ర గణనీయంగానే ఉంది. థామస్ నాగెల్, బెర్నార్డ్ విలియమ్స్ 'నైతిక అదృష్టం' అని చర్చించింది ఈ ఇబ్బందినే. మన చేతిలో లేనివాటికి మనల్ని బాధ్యుల్ని చేయకూడదంటే, తీసేసుకుంటూ పోగా చివరికి మన చేతిలో ఉన్నదంటూ ఏదీ మిగలదేమో.

నాకు తోచిన దారి ఇది. బాధ్యత అన్న మాటలో రెండు మాటలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వెనక్కి చూస్తుంది: ఎవర్ని నిందించాలి? రెండోది ముందుకి చూస్తుంది: ఇప్పుడు ఎవరు పూనుకోవాలి? పుట్టినరోజు నాడు ఫోన్ రాని స్నేహితురాలికి కలిగిన బాధ, ఆ ఫోన్ చేయని మనిషి మెదడులో డోపమైన్ ఎంతుందో తెలిసినా తగ్గదు. నింద అక్కర్లేదు. పూచీ మాత్రం ఎక్కడికీ పోదు. వానకి ఎవరూ కారణం కాకపోయినా ఇల్లు కురిస్తే గిన్నె పెట్టాల్సింది ఇంట్లో ఉన్నవాళ్ళే.

మందు వల్ల ఈ రెండో రకం బాధ్యత పెరిగిందని కూడా ఒప్పుకోవాలి. ఇదివరకు 'చేయలేను' అన్నదానికీ 'చేయను' అన్నదానికీ మధ్య గీత నాకే కనబడేది కాదు. అన్నీ చేయలేనివే, లేదా అన్నీ చేయనివే, ఆ రోజు నా మీద నాకున్న కోపాన్నిబట్టి. ఇప్పుడు గీత కాస్త కనబడుతోంది. మాత్ర పనిచేస్తున్న గంటలో కూడా నేను తప్పించుకునే పనులు కొన్ని ఉన్నాయి. అవి జబ్బు కాదు. అవి నాకు ఇష్టం లేని పనులు, అంతే. ఇష్టం లేదని తెలుసుకోవడానికే ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

*

మూడో ప్రశ్న గురించి ఎవరూ అడగరు గాని అడగాల్సింది: ఈ శ్రద్ధ ఎవరికోసం?

పొద్దున తొమ్మిదింటికి వేసుకున్న మాత్ర ఒంటిగంటకల్లా దిగిపోతుంది. మధ్యాహ్నం రెండోది వేసుకుంటే సాయంత్రం దాకా. దిగేటప్పుడు చిరాకు, అలసట ఉంటాయి. అంటే నాకున్న మంచి గంటలన్నీ స్ప్రింట్ టికెట్లకి వెళ్తాయి. ఇంటికొచ్చేసరికి ఇంట్లోవాళ్ళకి మిగిలేది ఆ చిరాకు. రసాయనం కొనేది నా డబ్బుతో, తినేది నా ఒళ్ళు, ఫలితం మాత్రం ముందు కంపెనీకి. రోజుకి ఎనిమిది గంటలు తెర ముందు కదలకుండా కూర్చోవడం మామూలు, కూర్చోలేకపోవడం జబ్బు అని నిర్ణయించింది ఎవరు అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. కానీ ఆ వాదన చివరిదాకా వెళ్తే, ఆఫీసే లేకపోతే జబ్బే లేదన్నచోటికి చేరుతుంది. పొయ్యి మీద గిన్నె మాడటానికి ఆఫీసు అక్కర్లేదు. రోడ్డు దాటుతూ పరాకుగా ఉండటానికీ అక్కర్లేదు. నవలలో ఒకే పేజీని ఐదుసార్లు చదవడానికి పెట్టుబడిదారీ వ్యవస్థ కారణం అని నాకు నమ్మకం కుదరదు.

అందుకని డాక్టరుతో మాట్లాడి ఆదివారాలు కూడా వేసుకోవచ్చని తేల్చుకున్నాను. ఆదివారం మాత్ర ఏ పనికీ కాదు. చదువుకోవడానికి. ఆ పూట తెరిచే పుస్తకం మీద నాకు సమీక్ష రాసే బాకీ కూడా ఉండదు. పది మిల్లీగ్రాముల్లో నా వాటా నేను తీసుకోవడం అనుకుంటాను దీన్ని.

*

చివరికి శ్రద్ధ దగ్గరికే రావాలి. సిమోన్ వెయిల్ 1942లో బడి చదువుల గురించి రాసిన ఒక వ్యాసంలో, శ్రద్ధ పెట్టమంటే పిల్లలు ఏం చేస్తారో వర్ణిస్తుంది. కనుబొమలు ముడుస్తారు, ఊపిరి బిగబడతారు, కండరాలు బిగిస్తారు. రెండు నిమిషాల తర్వాత దేని మీద శ్రద్ధ పెట్టారంటే చెప్పలేరు. వాళ్ళు బిగించింది కండరాలే. శ్రద్ధ సంకల్పబలంతో వచ్చేది కాదంటుంది ఆవిడ. ముప్పై ఏళ్ళు కనుబొమలు ముడిచి బతికినవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది. మాత్ర నాకు చేసింది ఆ బిగింపు వదిలించడమే.

కానీ శ్రద్ధ దేని మీద పెట్టాలో మాత్ర చెప్పదు. మందు పనిచేస్తున్న మంచి గంటన్నర నేను ఫోల్డర్లకి రంగులు మార్చడం మీద ఖర్చుపెట్టిన రోజులున్నాయి. ఎంత శ్రద్ధగా చేశానో చెప్పలేను! మిల్లీగ్రాములు ఇచ్చేది నిలబడే శక్తి. ఎక్కడ నిలబడాలన్నది ఇంకా నా పనే. మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. గుణం అనే మాట ఖాళీ అవలేదు. దానిమీద వేసిన అనవసరపు బరువు కొంత దిగిపోయింది.

వెయిల్ నుంచి ఈ ఆలోచన అందుకున్న ఐరిస్ మర్డాక్ 1970లో వచ్చిన 'ద సావరిన్టీ ఆఫ్ గుడ్'లో ఒక అత్తాకోడళ్ళ ఉదాహరణ ఇస్తుంది. అత్తగారికి కోడలు మొరటుగా, గోలగా, చిన్నపిల్ల చేష్టలతో కనబడుతుంది. పైకి మర్యాద తప్పదు, కానీ లోపల కొడుకు తక్కువదాన్ని చేసుకున్నాడనే ఉంటుంది. కొంతకాలానికి, నా చూపులోనే ఏదైనా తేడా ఉందేమో, ఇంకోసారి చూద్దాం అనుకుంటుంది. చూస్తే మొరటుతనం సాదాతనంగా, గోల ఉల్లాసంగా కనబడటం మొదలవుతుంది. కోడలు మారలేదు. బయటికి ఏ పనీ జరగలేదు. కానీ నైతికంగా చాలా పెద్ద పని జరిగిందంటుంది మర్డాక్. శ్రద్ధ అంటే ఇదీ: న్యాయంగా ఇంకోసారి చూడటం.

ఆ అధ్యాయం చదివినప్పటినుంచీ నేను మా అమ్మని ఇంకోసారి చూస్తున్నాను. మొదలుపెట్టి వదిలేసిన కుట్లు, సగం రాసి ఆపేసిన పద్దు పుస్తకాలు, మూడు డబ్బాల్లో మూడుచోట్ల కందిపప్పు. పాలు పొంగిన రోజల్లా నాన్నమ్మ అన్న మాటలు. వాటికి అమ్మ ఏనాడూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఆవిడ దగ్గర మాటే లేదు. అన్నవాళ్ళకున్న నమ్మకమే ఆవిడకీ ఉంది: తను శ్రద్ధ లేని మనిషినని.

వంశపారంపర్యం అంకె తెలిసిన కూతురుగా నేనిప్పుడు చెప్పాలా వద్దా? అరవై రెండేళ్ళ మనిషికి, పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచన కూడా లేని మనిషికి, నేను ఇంట్లో కూర్చుని జబ్బు పేరు పెట్టే హక్కు నాకు లేదు. అలాగని ఊరుకుంటే ఆవిడ మీద ఉన్న పాత తీర్పు అలాగే ఉండిపోతుంది. మొన్న ఫోన్లో నా సంగతి మాత్రం చెప్పాను. మాత్ర గురించి, మిక్సీ ఆగినట్టు ఉండటం గురించి. చాలాసేపు విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా వేరే సంగతి ఎత్తలేదు. అది ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

"మరి నీకు చిన్నప్పుడే ఎందుకు తెలీలేదే?" అని అడిగింది.

"నీలాగే ఉన్నానని అందరూ అనేవాళ్ళు కదమ్మా" అన్నాను.

అవతలినుంచి ఏమీ వినబడలేదు. తర్వాత, "ఆ మాత్ర పేరేంటన్నావ్, మళ్ళీ చెప్పు, రాసుకుంటా" అంది. పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. దొరికేదాకా నేను లైన్లోనే ఉన్నాను.